టెక్సస్ చలిలో కరెంటు పోతే: ఇంటినీ మనుషులనూ కాపాడుకునే విధానం

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువారిని టెక్సస్‌కు ఎందుకు వచ్చారని అడిగితే, ఉద్యోగం తరువాత చాలామంది చెప్పే మాట అక్కడి వాతావరణం మనకు సరిపడుతుందన్నదే. సంవత్సరంలో ఎక్కువ రోజులకు అది నిజం కూడా. అయితే 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయం వద్ద ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. ఆ వారంలో రాష్ట్రమంతటా 45 లక్షలకు పైగా ఇళ్లకు, వ్యాపార సంస్థలకు కరెంటు పోయింది. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం 246 మంది మరణించగా, వారిలో 161 మంది కేవలం చలికి తాళలేక చనిపోయినవారే. అటువంటి వారం మళ్లీ వస్తే ఏం చేయాలో, రాకముందే ఏం చేసి ఉంచాలో ఇక్కడ వివరిస్తున్నాను.

అప్పుడు జరిగింది తెలిస్తే మన ఏర్పాట్లు ఎలా ఉండాలో సులభంగా బోధపడుతుంది. టెక్సస్ విద్యుత్ వినియోగంలో దాదాపు 90 శాతాన్ని ఎర్కాట్ అనే సంస్థ నడిపే ప్రత్యేక గ్రిడ్ మోస్తుంది. దానికి ఇరుగుపొరుగు గ్రిడ్‌లతో ఉన్న లంకెలు చాలా చిన్నవి కనుక, కష్టకాలంలో బయటి నుండి తెచ్చుకోగలిగిన కరెంటు స్వల్పం. పశ్చిమ గ్రిడ్‌తో కలిసి ఉన్న ఎల్ పాసో నగరం ఆ వారం చాలావరకు వెలుగుతూనే ఉండడానికి ఈ తేడా ఒక కారణం. విద్యుత్ కేంద్రాలకు ఇంధనం పంపే గ్యాస్ బావుల దగ్గర గొట్టాలు గడ్డకట్టాయి, గాలిమరల రెక్కలకు మంచు పేరుకుంది, విద్యుత్ కేంద్రాలలో పీడనాన్ని కొలిచే సన్నని గొట్టాలు బిగుసుకుపోయాయి, అటువంటి గొట్టం వల్లనే ఒక అణు రియాక్టరు కూడా ఆగిపోయింది. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున వాడకానికి సరఫరా చాలకపోతే పడిపోయే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, 60 హెర్ట్జ్ ఉండవలసినది, 59.4 కంటే దిగువకు జారి, 4 నిమిషాల 23 సెకన్లపాటు అక్కడే ఉంది. అది 9 నిమిషాలు దాటి ఉంటే విద్యుత్ కేంద్రాల జనరేటర్లు మరిన్ని గ్రిడ్ నుండి వాటంతటవే విడిపోయి రాష్ట్రమంతా చీకటయ్యే ప్రమాదం ఉండేది. ఆ ప్రమాదాన్ని తప్పించడానికి నిర్వాహకులు ఒక దశలో 20,000 మెగావాట్ల వరకు సరఫరా కోశారు.

మన ఊళ్లలో కోత అంటే వేళ తెలిసిన కోత. పొద్దున రెండు గంటలు పోతే మధ్యాహ్నం వస్తుందని, ఆ లోపు మోటారు వేసుకోవచ్చని లెక్క ఉండేది. టెక్సస్‌లో కూడా వంతుల వారీగా కోస్తామనే ప్రకటించారు. కానీ ఆసుపత్రుల వంటి అత్యవసర స్థలాలకు వెళ్లే లైన్లను ముట్టుకోకుండా అంత పెద్ద కోత విధించేసరికి వంతులు తిప్పడానికి లైన్లే మిగలలేదు. ఆసుపత్రి పక్క వీధిలో దీపాలు ఆరకుండా ఉంటే, మరో వీధి రెండు మూడు రోజులు చీకట్లో గడిపింది. కాబట్టి గడ్డకట్టే చలిలో కరెంటు పోయిన మొదటి గంటలోనే, అది మూడు రోజుల వరకు రాదనుకుని పనులు మొదలుపెట్టాలి. గంటలో వస్తుందిలే అనుకుని పడుకోవడం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతుంది.

ఆ తరువాత చట్టం మారింది, విద్యుత్ కేంద్రాలు చలికి తట్టుకునే ఏర్పాట్లు చేయడం తప్పనిసరి అయింది. అయినా గ్రిడ్ బాగున్నప్పుడు కూడా ఇంటికి కరెంటు పోవచ్చు. 2023 ఫిబ్రవరి మొదట్లో ఆస్టిన్‌లో చెట్ల కొమ్మలకు మంచు పేరుకుని, అవి విరిగి తీగల మీద పడడంతో లక్షకు పైగా కనెక్షన్లకు సరఫరా తెగింది. అప్పుడు గ్రిడ్‌లో కొరత లేదు. కొత్తగా వచ్చినవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: డాలస్, హ్యూస్టన్ ప్రాంతాలలో బిల్లు పంపే కంపెనీ వేరు, తీగలు చూసుకునే కంపెనీ వేరు. ఫిర్యాదు తీగల కంపెనీకే చేయాలి. డాలస్ వైపు అది ఆంకార్, హ్యూస్టన్‌లో సెంటర్‌పాయింట్. ఆ నంబరు, మీ కనెక్షన్ గుర్తింపు సంఖ్య కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

ఇక ఇంటి సంగతి. ఇక్కడి ఇళ్లు వేడిని బయటకు పంపడానికి కట్టినవి కానీ, లోపల నిలుపుకోవడానికి కట్టినవి కావు. ఉత్తర టెక్సస్‌లో చాలా ఇళ్లకు నీటి గొట్టాలు, కొన్నిటికి గీజరు కూడా అటక మీదనే ఉంటాయి. మాది గ్యాస్ హీటరు కదా అని ధీమాగా ఉండేవారు కూడా ఉంటారు. ఆ వేడిగాలిని గదుల్లోకి తోసే ఫ్యాను కరెంటుతోనే తిరుగుతుంది కనుక, కరెంటు పోతే అదీ ఆగిపోతుంది.

అన్నిటికంటే ముందు, ఇంటికి నీళ్లు వచ్చే మెయిన్ వాల్వు ఎక్కడ ఉందో ఎండాకాలంలోనే వెతికి పెట్టుకోండి. సాధారణంగా అది వీధి అంచున నేలలో పాతిన మీటరు పెట్టెలో గాని, దానికి దగ్గరలో గాని ఉంటుంది. ఈ సలహా నేను అనుభవించి చెబుతున్నదే. 2021లో మా ఇంట్లో పై అంతస్తు స్నానాల గది కప్పు మీద మొదట రూపాయి బిళ్లంత తడి మచ్చ కనిపించింది. పావుగంటలో అది పళ్లెమంత అయి, కప్పు పలక ఉబ్బి కిందికి వేలాడసాగింది. వీధిలోకి పరుగెత్తి మంచు తోడితే పెట్టె మూత గడ్డకట్టి ఉంది. దాన్ని లేపడానికి చేతికి అందినది దోసెల అట్లకాడ ఒక్కటే. మూత లేచింది గాని, వాల్వు తిప్పడానికి ఇంగ్లీషు T అక్షరం ఆకారపు తాళంచెవి లేక పక్కింటి ఆయన్ను నిద్ర లేపవలసి వచ్చింది. ఆ తాళంచెవి హార్డ్‌వేరు దుకాణంలో తక్కువ ధరకే దొరుకుతుంది. ఇంటికి ఒకటి కొని, ఇంట్లో పెద్ద పిల్లలతో సహా అందరికీ దానితో వాల్వు తిప్పడం నేర్పండి. అద్దె ఇంట్లో ఉన్నవారు వాల్వు ఎక్కడుందో యజమానిని ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

చలి హెచ్చరిక రాగానే తోట గొట్టాలు విప్పి, బయటి కుళాయిలకు ఫోమ్ కవరు తొడగండి. కవరు లేకపోతే పాత తువ్వాలు చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి కట్టినా పని జరుగుతుంది. స్ప్రింక్లరు వ్యవస్థకు నీళ్లు కట్టేసి, నేల పైకి కనిపించే ఇత్తడి భాగంలోని నీటిని వదిలేయండి. లోపల, బయటి గోడను ఆనుకుని ఉన్న సింకుల కింది అలమార తలుపులు తెరిచి ఉంచితే గది వేడి గొట్టాలకు తగులుతుంది. అటువంటి కుళాయిలను, వేడి నీళ్ల వైపూ చన్నీళ్ల వైపూ, సన్నని ధార వచ్చేంత తిప్పి ఉంచండి. నీళ్లు వృథా అని మన పెద్దవాళ్లు వచ్చి కట్టేస్తుంటారు. వాళ్లకు ముందే చెప్పి ఉంచాలి. గొట్టంలో మంచు ముక్క ఏర్పడినప్పుడు దానికీ మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటి ఒత్తిడి వల్లనే గొట్టం పగులుతుంది. ధార ఉంటే ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది. కరెంటు పోయి ఇల్లు గంటగంటకూ చల్లబడుతూ ఉంటే, లేదా ఇల్లు విడిచి వెళ్లవలసి వస్తే, మెయిన్ వాల్వు కట్టేసి అన్ని కుళాయిలూ తెరిచి గొట్టాలు ఖాళీ చేయడమే క్షేమం. గోడకు బిగించిన ట్యాంకు లేని గ్యాస్ గీజర్లు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అవి గడ్డకట్టకుండా కాపాడే చిన్న హీటర్లు కూడా కరెంటుతోనే పనిచేస్తాయి. వాటిలో నీరు వదిలే పద్ధతి కంపెనీ పుస్తకంలో ఉంటుంది, ఒకసారి ముందుగా చేసి చూడండి.

మనుషులందరూ ఒకే గదిలోకి చేరాలి. కిటికీలు తక్కువ ఉన్న చిన్న గది ఎంచుకుని, తలుపు సందులో చుట్టిన దుప్పటి పెట్టి, కిటికీలకు రగ్గులు వేలాడదీయండి. మందపాటి కోటు ఒకటి వేసుకోవడం కంటే పలుచని బట్టలు మూడు నాలుగు పొరలుగా వేసుకోవడం మేలు. చలికాలంలో అమ్మానాన్నలు వచ్చి ఉంటే వారిని ప్రత్యేకంగా గమనించండి. వణకడం ఆగిపోయి, మాట తడబడి, మగతగా ఉంటే శరీర ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పడిపోయిందని అర్థం; అప్పుడు వెంటనే 911కు ఫోన్ చేయాలి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు కనుక దాన్ని బయట గాని, కిటికీ గట్టు మీద గాని పెట్టకండి. ఆక్సిజన్ యంత్రం వంటివి వాడేవారు డాక్టరు సంతకంతో అత్యవసర వైద్య వినియోగదారుగా నమోదు చేసుకోవచ్చు, కానీ ఆ నమోదు కరెంటు ఆగదన్న హామీ కాదు కాబట్టి బ్యాటరీ ఏర్పాటు కూడా ఉండాలి. ఇల్లు మరీ చల్లబడితే పట్టుదలకు పోకుండా సహాయ సమాచారం ఇచ్చే 211 నంబరుకు ఫోన్ చేసి, వెచ్చని ఆశ్రయ కేంద్రం దగ్గరలో ఎక్కడుందో కనుక్కుని వెళ్లండి.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసిన మాట నిప్పు గురించి. మన ఊళ్లలో చలికి కుంపటి పెట్టుకుని చుట్టూ కూర్చోవడం మామూలే, కానీ అక్కడ వసారా తెరిచి ఉండేది, ఇంటి కప్పు పెంకులది, గాలి ఎటు చూసినా ఆడేది. ఇక్కడి ఇళ్లలో కిటికీలు బిగించి ఉంటాయి. ఆ గదిలో బొగ్గు రాజేసినా, గ్రిల్లు వెలిగించినా, గ్యారేజీలో కారు నడిపి వెచ్చబడదామనుకున్నా కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, నిద్రమత్తు వస్తే చలికి అలసిపోయామనుకుంటాం. 2021లో ఈ వాయువు వల్ల 19 మంది చనిపోయారు. గ్యారేజీ తలుపు ఎత్తి పెట్టినా అక్కడ కారు గాని, జనరేటరు గాని నడపకూడదు. జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీలకు ఎదురు కాకుండా ఉండాలి. దాని తీగను గోడ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగించే ప్రయత్నం చేస్తే ఆ కరెంటు బయటి లైన్లలోకి ఎదురు వెళ్లి, వీధిలో తీగలు బాగుచేస్తున్న పనివారి ప్రాణం పోవచ్చు. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకగదుల దగ్గర తప్పకుండా బిగించండి.

గ్యాస్ పొయ్యి ఉంటే చాలా రకాలను అగ్గిపుల్లతో వెలిగించవచ్చు. కిటికీ కొద్దిగా తెరిచి, వంట అవగానే ఆపేయాలి, గది వెచ్చబడడానికి మాత్రం దాన్ని వెలిగించి ఉంచకూడదు. కరెంటు పొయ్యి ఉన్న ఇంట్లో కుక్కరు, ఇండక్షన్ ఏదీ పనికిరాదు కనుక అటుకులు, మరమరాలు, వేరుశనగలు, అరటిపళ్లు, పచ్చళ్లు, పొడులు ఉంచుకోండి. హెచ్చరిక వచ్చిన రాత్రే ఫ్లాస్కుల నిండా వేడినీళ్లు పోసుకుంటే పసిపిల్లల పాలకు ఇబ్బంది ఉండదు. ఫ్రిజ్ తెరవకుండా ఉంటే నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజరు 48 గంటలు చల్లదనం నిలుపుతాయి. మనిషికి రోజుకు ఒక గ్యాలను, అంటే దాదాపు నాలుగు లీటర్ల తాగునీరు లెక్కన మూడు రోజులకు నిల్వ చేసి, స్నానపు తొట్టి కూడా నింపి ఉంచండి. మరుగుదొడ్డికి బకెట్టు, చెంబు వాడడం మనకు ఎవరూ నేర్పనవసరం లేదు. నగరపాలక సంస్థ నీళ్లు కాచి తాగమని చెబితే, తెరలు కాగిన తరువాత కనీసం ఒక నిమిషం అలాగే మరగనివ్వండి.

కరెంటు ఒప్పందం చదువుకోవడం కూడా ఈ ఏర్పాట్లలో భాగమే. 2021లో టోకు ధర మెగావాట్ గంటకు 9,000 డాలర్లకు, అంటే యూనిట్‌కు 9 డాలర్లకు చేరింది. టోకు ధరనే నేరుగా వేసే పథకంలో ఉన్న కుటుంబాలకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. ఆ రకం పథకాలను ఇళ్లకు ఇవ్వకూడదని తరువాత నిషేధించారు గాని, నెలనెలా ధర మారే పథకాలు ఇంకా ఉన్నాయి. చలికాలం మధ్యలో మీ ఒప్పందం గడువు ముగియకుండా చూసుకోండి.

కరెంటు పోయినప్పుడు హీటరు, గీజరు, ఓవెను వంటి పెద్దవాటిని ఆపేసి, ఒక్క దీపం స్విచ్చి మాత్రం వేసి ఉంచండి. అన్ని ఇళ్లలో హీటర్లు ఒక్కసారిగా లాగితే వచ్చిన లైను మళ్లీ పడిపోతుంది. దీపం వెలిగిన పది పదిహేను నిమిషాల తరువాత ఒక్కొక్కటే వేసుకోండి. గొట్టం పగిలిన సంగతి చాలా ఇళ్లలో చలి ఉన్నప్పుడు కాక, ఎండ కాసి మంచు కరిగిన రోజునే బయటపడుతుంది. కాబట్టి మెయిన్ వాల్వును పావు వంతు మాత్రమే తెరిచి, ఇంట్లో అన్ని కుళాయిలూ కట్టేసి, మీటరు ముల్లు కదులుతోందేమో చూడండి. కదిలితే లోపల ఎక్కడో కారుతున్నట్టే. వెంటనే కట్టేసి, తడిసిన గోడలను, సామానును ఫొటోలు తీసి, ప్లంబరు కోసి తీసిన పగిలిన గొట్టం ముక్కను పారేయకుండా భీమా కంపెనీ మనిషి వచ్చి చూసేదాకా దాచి ఉంచండి.