ఐసీఎంఆర్ గ్రాంటు దరఖాస్తు ఎక్కడ ఆగిపోతోంది? సమస్య – కారణం – పరిష్కారం

ఐసీఎంఆర్‌కి (భారత వైద్య పరిశోధన మండలికి) పంపిన ప్రపోజల్ వెనక్కొచ్చినప్పుడు చేతికందేది రెండు మూడు వాక్యాలే. "మెథడాలజీ బలహీనంగా ఉంది", "కొత్తదనం లేదు", "బడ్జెట్‌కి సమర్థన లేదు". చాలామంది ఆ వాక్యం వేలు చూపించిన పేరా ఒక్కటే మార్చి మళ్లీ పంపుతారు. అది మళ్లీ వెనక్కొస్తుంది. ఆ వ్యాఖ్య లక్షణమే తప్ప జబ్బు కాదు. జబ్బు చాలాసార్లు ఒకేచోట ఉంటుంది: ప్రైమరీ అవుట్‌కమ్ తేల్చుకోకపోవడం. అధ్యయనం అయిపోయాక ఏ ఒక్క కొలతను చూసి "అవును" లేదా "కాదు" అంటారో, ఎవరిలో, ఎప్పుడు కొలుస్తారో ఒక్క వాక్యంలో రాయలేకపోతే మిగతావన్నీ తడబడతాయి. శాంపిల్ సైజు, అంటే అధ్యయనంలోకి ఎంతమందిని తీసుకోవాలన్నది, ఆ వాక్యంలోంచే పుడుతుంది. శాంపిల్ సైజును బట్టి గడువు, గడువును బట్టి బడ్జెట్.

కింద చెప్పేవి ముఖ్యంగా ఎక్స్‌ట్రామ్యూరల్ (బయటి సంస్థలకు ఇచ్చే) స్మాల్ గ్రాంట్లకు, అంటే 2 కోట్ల లోపు, 3 ఏళ్ల ప్రాజెక్టులకు. డీహెచ్‌ఆర్ (ఆరోగ్య పరిశోధన విభాగం), డీబీటీ (బయోటెక్నాలజీ విభాగం) పిలుపులకూ ఇదే తర్కం పనిచేస్తుంది. కాకపోతే ఫారాలు, పరిమితులు ప్రతి పిలుపుకీ మారతాయి కాబట్టి ఆ ఏడాది ప్రకటనను పక్కన పెట్టుకుని సరిచూసుకోండి.

లక్షణం: నిపుణుల దాకా వెళ్లకుండానే తిరస్కరించారు

ఇక్కడ సైన్సు తప్పు ఏమీ ఉండదు, కాగితాల తప్పే. ప్రైవేటు కాలేజీ అయితే మొదట డీఎస్‌ఐఆర్ (కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన విభాగం) గుర్తింపు చూడండి. ఒకప్పుడు గుర్తింపు ఉన్నా రెన్యువల్ చేయించకపోతే లేనట్టే లెక్క. తర్వాత పీఐ (ప్రాజెక్టును నడిపించే ప్రధాన పరిశోధకుడు) పదవీ విరమణ తేదీ. అది ప్రాజెక్టు మధ్యలో పడుతుంటే ఏం చేయాలో ప్రకటనలోనే ఉంటుంది. ఆపైన సంస్థ అధిపతి సంతకం, ముద్ర ఉన్న ఫార్వర్డింగ్ లెటర్. ఆ సంతకం కోసమే ఫైలు రెండు మూడు టేబుళ్లు తిరగాలి కాబట్టి, గడువుకు పది రోజుల ముందే పంపండి.

ఇంకో చిన్న విషయం చాలామంది చూసుకోరు. వర్డ్ ఫైల్లోంచి పోర్టల్ పెట్టెల్లోకి కాపీ చేసినప్పుడు గుర్తులు చెడిపోవచ్చు. "హెచ్‌బీఏ1సీ ≥ 6.5" (మూడు నెలల సగటు షుగరు పరీక్ష) అని రాసింది "హెచ్‌బీఏ1సీ ? 6.5" అయిపోతుంది. చదివేవారికి మీరు షుగరున్నవాళ్లను తీసుకుంటున్నారో, లేనివాళ్లనో తెలియదు. గుర్తులకు బదులు "6.5 లేదా అంతకంటే ఎక్కువ" అని మాటల్లో రాయండి. సబ్మిట్ నొక్కేముందు పోర్టల్ తయారుచేసిన పీడీఎఫ్‌ను దించుకుని, మీ ప్రపోజల్ ఎన్నడూ చూడని సహోద్యోగి చేత చదివించండి.

లక్షణం: "కొత్తదనం లేదు", "ఇప్పటికే తెలిసిన విషయం"

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ వ్యాధిని తీసుకోండి. "ఉద్దానంలో ఎంతమందికి కిడ్నీ జబ్బుందో తెలుసుకుంటాం" అన్న ప్రపోజల్‌కి ఇవాళ డబ్బు రావడం కష్టం. జబ్బు అక్కడ మామూలుకంటే ఎక్కువగా ఉందని సర్వేలు ఇప్పటికే చెప్పాయి, దానివల్ల నష్టపోతున్న కుటుంబాలకు మరో శాతం సంఖ్యతో ఒరిగేది లేదు. తేలనిది కారణం. అయినా "కారణాలు కనుక్కుంటాం" అనడం కూడా చాలదు, అది మరీ విశాలం.

ఇలా కుదించండి: "ఈజీఎఫ్‌ఆర్ 60 పైన ఉన్న 20–50 ఏళ్ల వ్యవసాయ కూలీల్లో, పనివేళల ఎండతాపానికి ఎక్కువగా గురయ్యేవారికీ తక్కువగా గురయ్యేవారికీ 24 నెలల్లో ఈజీఎఫ్‌ఆర్ తగ్గే వేగంలో తేడా ఉందా?" (ఈజీఎఫ్‌ఆర్ అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంచనా.) ఎవరు, దేనికి గురవుతున్నారు, ఏం కొలుస్తారు, ఎంతకాలం అనే నాలుగూ ఇందులో ఉన్నాయి. "తెలిసిందేగా" అని దీన్ని పక్కనపెట్టడం తేలిక కాదు. నేపథ్యం భాగంలో కూడా జబ్బు ఎంత భారమో చెప్పడానికి ఒక పేరా చాలు. మిగతాదంతా ఇప్పటిదాకా జరిగిన అధ్యయనాలు ఏ ప్రశ్న దగ్గర ఆగాయో చెప్పడానికి వాడండి. మొదటి పేజీ మొత్తం ప్రపంచ గణాంకాలతో నింపితే అసలు ప్రశ్న దొరికేసరికి చదివేవారి ఓపిక అయిపోతుంది.

లక్షణం: "శాంపిల్ సైజుకు ఆధారం లేదు"

మంచి ఆలోచనలను సైతం పడగొట్టే వ్యాఖ్య ఇది. అంకెలతోనే చూద్దాం.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత 58.8 శాతం. ఆశా కార్యకర్త వారానికోసారి ఇంటికెళ్లి ఐరన్ మాత్ర దగ్గరుండి మింగిస్తే అది 10 పాయింట్లు తగ్గుతుందా అన్నది మీ ప్రశ్న అనుకుందాం. కొన్ని గ్రామాల్లో ఇలా చేస్తారు, కొన్నింటిలో మామూలు పద్ధతే నడుస్తుంది.

ఎక్కువగా కనిపించే తప్పు లెక్క ఇదీ: 1.96 స్క్వేర్, దాన్ని 0.588తో, 0.412తో గుణించి, 0.05 స్క్వేర్‌తో భాగిస్తే 373. "కాబట్టి 373 మంది" అని రాసేస్తారు. లెక్క తప్పు కాదు, కానీ అది వేరే ప్రశ్నకు జవాబు. రక్తహీనత ఎంత శాతమో 5 పాయింట్ల అటూ ఇటుగా తెలుసుకోవడానికి 373 మంది చాలు. రెండు పద్ధతుల మధ్య తేడా పట్టుకోవడానికి ఆ సూత్రం పనికిరాదు.

సరైన లెక్క మూడు మెట్లు. మొదటిది, 58.8కీ 48.8కీ మధ్య తేడాను 80 శాతం పవర్‌తో (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం), 5 శాతం రెండువైపుల ఆల్ఫాతో (లేని తేడాను ఉందనుకునే అవకాశం) పట్టుకోవాలంటే ఒక్కో వర్గంలో 386 మంది కావాలి. రెండోది, మీరు మనుషులను కాదు, గ్రామాలను కేటాయిస్తున్నారు. ఒకే ఊరివాళ్ల తిండి, నీళ్లు, ఏఎన్‌ఎమ్ ఒకటే కాబట్టి వాళ్ల ఫలితాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఊరికి 30 మంది, ఐసీసీ (ఒకే ఊరివాళ్ల ఫలితాలు ఎంత దగ్గరగా ఉంటాయో చెప్పే అంకె) 0.02 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 1 + 29 × 0.02 = 1.58. అంటే ఒక్కో వర్గానికి 610. మూడోది, 10 శాతం మంది మధ్యలో మానేస్తారనుకుంటే 678. 30తో భాగిస్తే వర్గానికి 23 ఊళ్లు, మొత్తం 46 ఊళ్లు, 1,380 మంది. 373 ఎక్కడ, 1,380 ఎక్కడ! బడ్జెట్, సిబ్బంది, వాహనం ఖర్చు అన్నీ ఇక్కడే తలకిందులవుతాయి.

ఇప్పుడు ప్రైమరీ అవుట్‌కమ్ మార్చి చూడండి. రక్తహీనత ఉందా లేదా అని కాకుండా హిమోగ్లోబిన్ సగటులో 0.5 గ్రాముల తేడా చూస్తామంటే, స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే అంకె) 1.5 అయినప్పుడు ఒక్కో వర్గానికి 142 మంది చాలు. డిజైన్ ఎఫెక్ట్ కలిపితే 225, మానేసేవాళ్లను కలిపితే 250, అంటే 9 ఊళ్లు. అవుట్‌కమ్‌ను ఒక్క వాక్యంలో మార్చితే 46 ఊళ్లు 18 అయ్యాయి. అలాగని సంఖ్య తగ్గుతుందన్న ఒక్క కారణంతో అవుట్‌కమ్ మార్చకండి. ఆ 0.5 గ్రాముల తేడా ఆ మహిళల ఆరోగ్యానికి ఎందుకు ముఖ్యమో చెప్పగలిగితేనే మార్చండి.

ప్రపోజల్‌లో ఈ విలువలన్నీ ఒకే పేరాలో పెట్టండి: పోలిక శాతాలు, ఆల్ఫా, పవర్, ఐసీసీ, క్లస్టర్ పరిమాణం (ఊరికి ఎంతమంది), మధ్యలో మానేసేవాళ్ల శాతం. ఐసీసీ ఎక్కడినుంచి తీసుకున్నారో కూడా చెప్పాలి. రివ్యూవర్ కాలిక్యులేటర్‌తో వేసి చూసుకుంటే మీ అంకె రావాలి. సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌షాట్ అంటిస్తే సరిపోదు. మామూలు రెండు వర్గాల లెక్కలో క్లస్టర్ ప్రభావం దానంతటది కలవదు. స్టాటిస్టీషియన్‌ను చివరి వారంలో కాకుండా ప్రశ్న రాసే రోజే పక్కన కూర్చోబెట్టుకోండి.

లక్షణం: "నిర్ణీత కాలంలో పూర్తి కాదు"

ఓపీలో నెలకు 40 మంది కొత్త రోగులు వస్తారని 40 మందీ దొరుకుతారనుకోవడమే దీనికి కారణం. అందులో సగం మందే అర్హులు, అంటే 20. వాళ్లలో 70 శాతం ఒప్పుకుంటే 14. 300 మంది కావాలంటే 22 నెలలు. సిబ్బంది నియామకం, శిక్షణ, పరికరాల కొనుగోలుకు మొదటి 4 నెలలు. చివరి రోగిని చేర్చుకున్నాక 12 నెలల ఫాలోఅప్. మొత్తం 38 నెలలు, విశ్లేషణ ఇంకా మొదలే కాలేదు. గ్రాంటేమో 36 నెలలకే.

రెండో కేంద్రాన్ని కలుపుకోండి, లేదా ఫాలోఅప్‌ను 6 నెలలకు తగ్గించగలరేమో చూడండి. గడిచిన 12 నెలల ఓపీ రిజిస్టర్‌లో అర్హులు నెలవారీగా ఎంతమందో పట్టిక జోడించండి. ఆ చిన్న పట్టికకు ఉన్న బలం రెండు పేజీల హామీలకు ఉండదు. డెంగీ లాంటి రుతువును బట్టి వచ్చే జబ్బులైతే మరింత జాగ్రత్త. వర్షాలు తగ్గాక ప్రాజెక్టు మొదలైతే మొదటి సీజన్ చేజారినట్టే. గాంట్ చార్ట్‌లో (ఏ పని ఏ నెలలో జరుగుతుందో చూపే పట్టికలో) నెలల పేర్లు రాసుకుని చూస్తే ఇది వెంటనే కనబడుతుంది.

లక్షణం: "బడ్జెట్‌కి సమర్థన లేదు"

జీతాల దగ్గర హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మరిచిపోవడమో, ఊరు చూడకుండా హైదరాబాద్ రేటు వేయడమో ఎక్కువగా జరుగుతుంది. నాన్‌మెడికల్ ప్రాజెక్ట్ రీసెర్చ్ సైంటిస్ట్–1కి నెలకు 56,000, పైన హెచ్‌ఆర్‌ఏ. ఎక్స్ తరగతి నగరమైన హైదరాబాద్‌లో 30 శాతంతో నెలకు 72,800, ఏడాదికి 8,73,600. విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, వరంగల్ వై తరగతి. అక్కడ 20 శాతంతో ఏడాదికి 8,06,400. తిరుపతి, కర్నూలు వంటి చోట్ల 10 శాతంతో 7,39,200. ఒక్క పోస్టుకే ఏడాదికి లక్షా ముప్పై వేలకు పైగా తేడా వస్తోంది. దరఖాస్తు పెట్టేనాటికి అమల్లో ఉన్న ఉత్తర్వును సరిచూసుకుని అంకె వేయండి.

కిట్లు, రియేజెంట్లకు "లంప్‌సమ్ 10 లక్షలు" అని రాయకండి. కిట్ ధర, ఒక కిట్‌తో ఎన్ని నమూనాలు చేయవచ్చు, మొత్తం నమూనాలు, కంట్రోళ్లకూ మళ్లీ చేసే పరీక్షలకూ పోయేవి, అన్నీ ఒక వరుసలో చూపించండి. 96 గుంటలు (వెల్స్) ఉన్న ఎలైజా పరీక్ష ప్లేట్‌లో స్టాండర్డ్‌లు, కంట్రోళ్లు పోగా, నమూనాలను రెండేసి గుంటల్లో వేస్తే దాదాపు 40 నమూనాలే పడతాయి. 96తో భాగించి ఆర్డరు పెట్టేవాళ్లకు ఏడాది తిరక్కుండానే కిట్లు అయిపోతాయి. కొటేషన్‌లో జీఎస్టీ కలిసిందో లేదో చూడండి. పెద్ద పరికరం అడిగితే, అది మీ సంస్థలోగానీ పక్క సంస్థలోగానీ ఎందుకు దొరకదో రాయాలి.

లక్షణం: "బృందంలో తగిన నైపుణ్యం లేదు"

కో–ఇన్వెస్టిగేటర్ల పేర్లు పదుంటాయి, ఎవరేం చేస్తారో ఉండదు. పేరు పక్కన పని రాయండి. పని లేని పేరు తీసేయండి, అది హెచ్‌ఓడీదైనా సరే.

లక్షణం: మంజూరు ఉత్తర్వు వచ్చింది, డబ్బు రాలేదు

సాధారణంగా అనుమతుల దగ్గరే ఆగుతుంది. మీ ఎథిక్స్ కమిటీ డీహెచ్‌ఆర్‌లో నమోదై ఉందో లేదో చూడండి. కొత్త మందుల క్లినికల్ ట్రయల్ అయితే అది చాలదు, సీడీఎస్‌సీఓ (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) నమోదు వేరు, 2019 నిబంధనల్లో రెండూ విడివిడిగా ఉన్నాయి. ఆమోద పత్రంలో ఉన్న శీర్షిక, ప్రోటోకాల్ వెర్షన్, మంజూరు ఉత్తర్వులో ఉన్న శీర్షికతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. నిపుణుల సూచనమేరకు శాంపిల్ సైజు మారితే కమిటీకి సవరణ పెట్టి కొత్త పత్రం తెచ్చుకోండి. విదేశీ సంస్థతో కలిసి చేసే పని అయితే హెచ్‌ఎమ్‌ఎస్‌సీ (ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ) అనుమతి కావాలి. విదేశాల్లోని తెలుగు డాక్టర్లతో కలిసి ప్రాజెక్టు చేసేవాళ్లకు ఇది బాగా గుర్తుండాలి, నమూనాలు కాకుండా డేటా మాత్రమే పంచుకుంటున్నా ముందు అడిగి తెలుసుకోండి. క్లినికల్ ట్రయల్స్‌కి 2018 ఏప్రిల్ 1 నుంచి సీటీఆర్‌ఐలో (దేశంలో జరిగే ట్రయల్స్ రిజిస్ట్రీలో) ముందస్తు నమోదే చెల్లుతుంది. మొదటి రోగిని చేర్చుకున్నాక నమోదు చేస్తామంటే కుదరదు.

రెండో ఏడాది వాయిదా ఆగిందంటే ముందు యూసీ (డబ్బు దేనికి వాడారో చూపే వినియోగ పత్రం) చూడండి. జీఎఫ్‌ఆర్ (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనలు) 12–ఎ ఫారంలో ఖర్చు, మిగులు ఎంతో రాయాలి, ఖాతాలో వచ్చిన వడ్డీని కూడా లెక్కలో చూపించాలి. ఆ వడ్డీ ప్రాజెక్టుది కాదు, ప్రభుత్వానికి తిరిగి జమ చేయాలి. మార్చి 31 దాటిన మొదటి వారంలోనే అకౌంట్స్ సెక్షన్‌తో కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంట్‌నూ మీ రిజిస్టర్‌నూ వరుస వరుసగా టిక్కు పెట్టుకుంటూ సరిపోల్చుకోండి. తేడా వచ్చిన రూపాయి ఏ బిల్లుదో ఆ వారంలో అయితే గుర్తుంటుంది.

లక్షణం: సరిచేసి పంపినా మళ్లీ తిరస్కరణ

పాత వ్యాఖ్యలన్నిటినీ ఒక పట్టికలో వేయండి: వ్యాఖ్య, చేసిన మార్పు, పేజీ. ఏదైనా వ్యాఖ్యతో ఏకీభవించకపోతే కారణం రెండు వాక్యాల్లో చెప్పండి, వాదించకండి. పంపేముందు ఒక పరీక్ష చేయండి. ప్రైమరీ అవుట్‌కమ్ వాక్యాన్ని కాపీ చేసి శాంపిల్ సైజు పేరా, విశ్లేషణ పేరా, గాంట్ చార్ట్, బడ్జెట్ పక్కన పెట్టి చదవండి. లక్ష్యాల్లో "హిమోగ్లోబిన్ సగటు" అని ఉండి శాంపిల్ సైజు పేరాలో ఇంకా 58.8 శాతమే ఉంటే, రివ్యూవర్ కన్ను మొదట పడేది అక్కడే.