ఎర్రచెలకల నేలలో నీలి స్తంభ జెముడు పెంపకం

ఎండను తట్టుకొనే అలంకరణ మొక్క కావాలనుకొనే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వారికి నీలి స్తంభ జెముడు తగిన మొక్క. దీని శాస్త్రీయ నామం పైలోసోసీరియస్ పాకిక్లాడస్. ఒకసారి కుదురుకున్న మొక్క మే నెల ఎండను ఓర్చుకుంటుంది గానీ, ఆగస్టు ముసురులో వేళ్ల దగ్గర నీరు నిలిస్తే కుళ్లిపోతుంది. అందువల్ల మట్టి కలపడం నుంచి నీళ్లు పోయడం వరకు ప్రతి పనినీ ఈ ఒక్క విషయాన్ని దృష్టిలో పెట్టుకొని చేయాలి.

ఈశాన్య బ్రెజిల్‌లోని కాటింగా అనే ముళ్ల అడవులు దీని పుట్టినిల్లు. అక్కడ ఇది కొమ్మలు వేసి 10 మీటర్ల వరకు పెరుగుతుంది. కాండం పొడవునా నిలువు గట్లు, వాటి మీద వరుసగా చిన్న దూది మచ్చలు, ఆ మచ్చల నుంచి పసుపు వన్నె ముళ్లు ఉంటాయి. కాండానికి నీలి రంగునిచ్చేది పైనున్న మైనపు పొర. చేతితో రుద్దితే అది పోయి, వేలి ముద్ర అలాగే మిగిలిపోతుంది. ముదిరిన మొక్కలకు తెల్లని పూలు రాత్రిపూట విచ్చుకుంటాయి, స్వదేశంలో వాటిని గబ్బిలాలు పరాగసంపర్కం చేస్తాయి. మన గుట్టల మీది బొంతజెముడును చూసి ఇదీ ఆ జాతిదేనని పొరబడడం సహజమే. అయితే బొంతజెముడు ఆముదం కుటుంబానికి చెందినది, తుంచితే పాలు కారతాయి, ఆ పాలు కంటికి హానికరం. నీలి జెముడుకు పాలు ఉండవు.

ఒక పాలు ఎర్రచెలక మట్టి, ఒక పాలు దొడ్డు ఇసుక, ఒక పాలు చిన్న మొరం లేదా ఇటుక ముక్కలు, పావు పాలు బాగా మాగిన పశువుల పెంట కలిపితే నీరు త్వరగా దిగిపోయే మిశ్రమం తయారవుతుంది. నల్లరేగడిని ఇందులో కలపవద్దు. కుండీ అడుగున కంకర పొర వేయడం చాలామందికి అలవాటు, కానీ దానివల్ల తడి పొర పైకి జరగడమే తప్ప నీరు త్వరగా పోదు. రంధ్రం మీద ఒక పెంకు ముక్క ఉంచితే చాలు. నేలలో నాటేవారు అడుగున్నర ఎత్తు దిబ్బ కట్టి, దాని మీద నాటాలి.

నాటడానికి ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలం. నర్సరీలో నీడవల కింద పెరిగిన మొక్కను నేరుగా ఎండలో పెడితే పడమటి వైపు కాండం మాడి, ఆ మచ్చ ఎన్నటికీ పోదు. అందుచేత రెండు మూడు వారాలు ఉదయపు ఎండకు మాత్రమే అలవాటు చేసి, తరువాత పూర్తి ఎండలోకి మార్చాలి. ఏప్రిల్, మే నెలల్లో ఈ మార్పు చేయకపోవడమే మేలు.

కుండీ మొక్కకు ఎండాకాలంలో మట్టి పూర్తిగా ఆరిన తరువాతే, సాయంత్రం వేళ నీరు పోయాలి. ఈ జాతి మొక్కలు కాండం మీది గాలి పీల్చే సన్నని రంధ్రాలను రాత్రి తెరుస్తాయి కాబట్టి సాయంత్రమే వాటికి సరైన సమయం. వానాకాలంలో ఆరుబయట ఉన్న మొక్కకు నీరు పోయనవసరం లేదు, ముసురు పట్టినప్పుడు కుండీని చూరు కిందికి జరపాలి. ఫ్లోరైడ్‌కు పేరుపడిన నల్లగొండ జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో లవణాలు, సున్నం కూడా ఎక్కువే. ఆ నీరు కాండం మీద పడితే తెల్లని మరకలు ఏర్పడతాయి, మట్టిలో క్రమంగా క్షారం పెరుగుతుంది. వాన నీటిని పట్టి ఉంచుకొని పోయడం ఉత్తమం. బోరు నీరే దిక్కయితే కాండం మీద పడకుండా మొదలు దగ్గర మాత్రమే పోసి, ఏడాది రెండేళ్లకొకసారి మట్టి మార్చాలి.

కొమ్మ నుంచి కొత్త మొక్క చేయదలచినవారు పదునైన శుభ్రమైన కత్తితో కోసి, కోసిన చోటు గట్టిపడేవరకు, అంటే సుమారు పదిహేను రోజులు, నీడలో ఆరబెట్టి, పొడి మట్టిలో నిలిపి, మరో వారం తరువాత కొద్దిగా నీరు చిలకరించాలి. ఆత్రపడి వెంటనే తడిపితే కోత కుళ్లుతుంది.

పిండినల్లి కనిపిస్తే వేపనూనె మొక్కంతా పిచికారీ చేయవద్దు, నూనె తగిలితే మైనపు పొర చెడి నీలి రంగు మాసిపోతుంది. సన్నని కుంచెను స్పిరిట్‌లో ముంచి, పురుగు ఉన్న చోట మాత్రమే అద్దాలి. మొదలు మెత్తబడి గోధుమ రంగుకు తిరిగితే కుళ్లు పట్టినట్టే. అప్పుడు పైభాగాన్ని కోత లోపల మచ్చలేని తెల్లని కండ కనిపించేవరకు కోసుకుంటూ వెళ్లి, ప్రతి కోతకూ కత్తిని స్పిరిట్‌తో తుడిచి, మిగిలిన ముక్కను పైన చెప్పిన విధంగానే ఆరబెట్టి నాటుకోవాలి.