ఆట మధ్యలో ఫ్రేములు పడిపోతున్నాయా? ముందు ఎలా పడుతున్నాయో చూడండి

గేమింగ్ ల్యాప్‌టాప్‌లో సెకనుకు 90 ఫ్రేములతో (తెర మీద మారే బొమ్మలతో) హాయిగా సాగుతున్న ఆట ఉన్నట్టుండి 25కి పడిపోతే చాలామంది చేసే మొదటి పని గ్రాఫిక్స్ సెట్టింగులు తగ్గించడం, రెండో పని విండోస్ మళ్లీ ఎక్కించడం. రెండూ తొందరపాటే. పది నిమిషాలు ఆ ఆటను మోసిన యంత్రానికి దాన్ని మోసే సత్తువ ఉన్నట్టే కదా! ఎప్పుడు పడుతోంది, ఎంతసేపు అలా ఉంటోంది, దానంతట అదే లేస్తోందా అన్నది గమనిస్తే జబ్బు సగం దొరికినట్టే.

అందుకు ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఉచితం, మీ ల్యాప్‌టాప్ ఏ కంపెనీదైనా పనిచేస్తుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్‌ల ఉష్ణోగ్రత, క్లాక్ వేగం (చిప్ పనిచేసే వేగం), గ్రాఫిక్స్ మెమరీ వాడకం, ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేముకు పట్టే సమయం) తెర మూలన కనబడేలా పెట్టుకుని ఆడండి.

పావుగంట బాగా ఆడి పడిపోతోంది, కాసేపటికి లేచి మళ్లీ పడుతోంది

ఇది వేడి. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర, ఎన్విడియా ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌లు ఎక్కువగా 87 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. ఉష్ణోగ్రత ఆ అంచును తాకిన క్షణంలోనే క్లాక్ వేగం జారిందంటే ఇక అనుమానం అక్కర్లేదు. గది వేడి కూడా లెక్కలోకి వస్తుంది. 25 డిగ్రీల ఏసీ గదిలో ఆడటానికీ, మే నెల మధ్యాహ్నం విజయవాడలో 38 డిగ్రీల గదిలో ఆడటానికీ మధ్య చిప్ వేడిలో దాదాపు ఆ 13 డిగ్రీల తేడా ఉంటుంది. జనవరిలో లేని జబ్బు వేసవిలో మొదలవడం అందుకే.

మొదట ల్యాప్‌టాప్ వెనుక భాగాన్ని రెండు అంగుళాలు ఎత్తి పెట్టి చూడండి. పరుపు మీద పెట్టి ఆడే అలవాటుంటే ఈరోజే మానుకోండి. తర్వాత దుమ్ము. బయటినుంచి గాలి ఊదితే పోయే దుమ్ము కాదిది. ఫ్యానుకూ దాని ఎదుటి రాగి రేకులకూ మధ్య, పాత దుప్పటి ముక్కలా నొక్కుకుపోయి ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆపి, అడుగు మూత విప్పి, మొదట బ్యాటరీ వైరు ఊడదీయండి. ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తని బ్రష్‌తో ఆ పొరను లాగేయండి. రెండు మూడేళ్లు దాటిన యంత్రమైతే థర్మల్ పేస్టు (చిప్ వేడిని పైనున్న లోహానికి చేర్చే పూత) కూడా మార్పించండి. ఇవేవీ చేసే వీలు లేకపోతే ఆటలోనే ఫ్రేములకు 60 దగ్గర కట్టు వేయండి. 90కీ 25కీ మధ్య ఊగడం కన్నా నిలకడగా 60 ఎంతో నయం.

చిప్ చల్లగానే ఉంది, వేగం మాత్రం అడుగంటింది

నాకు ఎదురైన సమస్య ఇదే. వేడి 55 డిగ్రీలే, ప్రాసెసర్ మాత్రం 0.4 గిగాహెర్ట్జ్ దగ్గర బిగుసుకుపోయింది. రెండు సాయంత్రాలు డ్రైవర్లతో (హార్డ్‌వేర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్లతో) కుస్తీ పట్టాక గుర్తొచ్చింది, వారం క్రితమే ఒక దుకాణంలో బదులు చార్జర్ కొన్నానని. పిన్ను సరిపోయింది, వోల్టేజీ సరిపోయింది. కానీ అది ఎన్ని వాట్ల చార్జరో ల్యాప్‌టాప్ పోల్చుకోలేక భయపడి వేగాన్ని కట్టేసింది. అసలు చార్జర్ తెచ్చిన రోజే కుదుటపడింది. ఈ కట్టును తీసేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ, యంత్రం వేగాన్ని ఎందుకు కట్టేస్తోందో తెలియకుండా దాని నోరు నొక్కడం నాకు ఇష్టం లేదు.

230 వాట్లు అడిగే యంత్రాన్ని 65 వాట్ల టైప్-సి చార్జర్‌తో ఆడించినా ఇదే గతి. చార్జర్ పెట్టి ఉన్నా బ్యాటరీ శాతం తగ్గుతోందంటే అదే గుర్తు. చార్జర్ తీయగానే సరిగ్గా 30 దగ్గర ఆగిపోతే మాత్రం అది జబ్బు కాదు, ఎన్విడియా బ్యాటరీ బూస్ట్ చేసే పొదుపు.

సగటు బాగుంది, ఆట మాత్రం తుళ్లుతోంది

60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. మధ్యలో ఒక్కటి 120 తీసుకుంటే సగటు అంకె అంతగా కదలదు, చెయ్యికి మాత్రం తెలిసిపోతుంది. కొత్త ప్రదేశంలోకి అడుగుపెట్టినప్పుడే తుళ్లి, రెండోసారి అదే దారిలో తుళ్లకపోతే అది షేడర్ల (బొమ్మలకు రంగులు, వెలుగునీడలు దిద్దే చిన్న ప్రోగ్రాముల) తయారీ. ఏమీ చేయకండి. గ్రాఫిక్స్ మెమరీ నిండుగా కనబడితే టెక్స్‌చర్లు (వస్తువుల మీద అతికించే బొమ్మలు) ఒక మెట్టు దించండి, మిగతా సెట్టింగుల జోలికి వెళ్లనక్కర్లేదు. టాస్క్ మేనేజర్‌లో రెండు ర్యామ్ స్లాట్లలో ఒకదాంట్లోనే ర్యామ్ ఉన్నట్టుంటే అలాంటి ర్యామే ఇంకొకటి వేయించండి. ఆ ఖర్చుకు ఫలితం కనబడుతుంది.

మొదటి నిమిషం నుంచే తక్కువ

అప్‌డేట్ తర్వాత మొదలైతే ఆట ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తోందేమో చూడండి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో గ్రాఫిక్స్ విభాగానికి వెళ్లి ఆ ఆటకు హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. అదీ కాకపోతే పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్లండి.

టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టున్నా, మూత విప్పినప్పుడు బ్యాటరీ పొంగి కనబడినా ఫ్రేముల సంగతి పక్కన పెట్టండి. నొక్కవద్దు, చార్జింగ్ పెట్టవద్దు, నేరుగా సర్వీసు కేంద్రానికి తీసుకెళ్లండి.