సప్రెసర్ ఉన్న రైఫిల్‌తో దుప్పి వేట: తూటా ఎలా ఎంచుకోవాలి?

హనుమకొండ హంటర్ రోడ్డు జూపార్కులో మనం చూసే చుక్కల దుప్పిని 1930ల్లో టెక్సాస్‌కు తీసుకెళ్లారు. అక్కడి గుట్టల్లో అది బాగా పెరిగిపోయింది. యాక్సిస్ డీర్ అంటారు. బయటి నుంచి వచ్చిన జంతువు కాబట్టి దానికి సీజన్ లేదు. హంటింగ్ లైసెన్స్, భూమి యజమాని అనుమతి ఉంటే ఏడాది పొడవునా వేటాడొచ్చు. డాలస్, ఆస్టిన్ వైపు స్థిరపడి ఈ వేటకు వెళ్దామనుకునే మన వరంగల్, కరీంనగర్ పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

ఇక్కడే ఉన్నవాళ్లు మాత్రం ఇందులో ఏదీ ప్రయత్నించొద్దు. ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్, ఎక్కడైనా సరే, దుప్పిని కొడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలుకు పోవాల్సిందే. చేనులో పడి మేసినా ఫారెస్టు వాళ్లకు చెప్పాలి తప్ప తుపాకి ఎత్తకూడదు.

ముందు కాగితాలు

హెచ్‌-1బి, ఎఫ్‌-1 వీసాల మీద ఉన్నవాళ్లు గన్ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. స్నేహితుడి గన్నే కదా అని లైసెన్స్ లేకుండా చేతిలోకి తీసుకోవద్దు, వీసాకే ముప్పు. గన్ గొట్టం చివర బిగించి చప్పుడు తగ్గించే సప్రెసర్‌కు 1934 నాటి చట్టం కింద విడిగా రిజిస్ట్రేషన్ చేయించాలి. దాని మీద ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది గానీ, దరఖాస్తు, అనుమతి అలాగే ఉన్నాయి.

సప్రెసర్ ఏం చేస్తుంది, ఏం చేయదు

సినిమాల్లో చూపించినట్టు చప్పుడు లేకుండా పోదు. రైఫిల్ పేలినప్పుడు రెండు శబ్దాలు వస్తాయి. గొట్టం చివర గ్యాస్ పేలే చప్పుడు ఒకటి. బుల్లెట్ గాలిలో ధ్వని కంటే వేగంగా పోతున్నప్పుడు వచ్చే ఫెళ్లుమనే చప్పుడు రెండోది. సప్రెసర్ మొదటిదాన్ని 20 నుంచి 30 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుంది. రెండోదాన్ని ఏమీ చేయలేదు. అది కూడా పోవాలంటే బుల్లెట్ వేగం సెకనుకు సుమారు 1,100 అడుగుల లోపే ఉండాలి. అలాంటి వాటినే సబ్‌సోనిక్ తూటాలంటారు.

కొత్తవాళ్లు పడిపోయేది ఇక్కడే. సప్రెసర్ కొన్నాం కాబట్టి సబ్‌సోనిక్ వాడాలనుకుంటారు. నా మాట వినండి, మొదటి దుప్పికి అది వద్దు. .300 బ్లాకౌట్ అనే రకం రైఫిల్‌లో 190 నుంచి 220 గ్రెయిన్ల (బుల్లెట్ బరువును గ్రెయిన్లలో చెబుతారు) సబ్‌సోనిక్ బుల్లెట్ శక్తి సుమారు 500 ఫుట్‌ పౌండ్లు. అదే రైఫిల్‌లో 110 నుంచి 125 గ్రెయిన్ల మామూలు తూటా 1,300 దాకా ఇస్తుంది. .308 రకం రైఫిల్‌లో 150 గ్రెయిన్లది 2,600 దాటుతుంది. పోతు దుప్పి 80 కిలోలు కూడా తూగుతుంది. శక్తి చాలకపోతే అది పడదు. గాయంతో పొదల్లోకి పోయి, గంటల తరబడి నరకం అనుభవించి చస్తుంది. చప్పుడు తగ్గించుకోవడానికి ఒక ప్రాణిని అలా హింస పెట్టే హక్కు మనకు లేదు. మామూలు వేగం తూటాతో కూడా సప్రెసర్ చెవులకు చాలా మేలు చేస్తుంది. ఇయర్ ప్లగ్స్ మాత్రం పెట్టుకోవాల్సిందే.

డబ్బా మీద ఏం చూడాలి

ఎఫ్ఎంజె (ఫుల్ మెటల్ జాకెట్, లోహపు తొడుగు ఉన్న బుల్లెట్) అని ఉంటే పక్కన పెట్టేయండి. అది రేంజ్‌లో ప్రాక్టీస్‌కు వాడేది. లోపల విచ్చుకోకుండా సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతుంది. సాఫ్ట్ పాయింట్, పాలిమర్ టిప్, లేదా పూర్తి రాగితో చేసిన వేట బుల్లెట్ తీసుకోండి. ఇవి తగలగానే పువ్వులా విచ్చుకుంటాయి.

సబ్‌సోనిక్కే కావాలనుకుంటే ఒక షరతు ఉంది. మామూలు వేట బుల్లెట్లలో చాలావాటికి విచ్చుకోవడానికి సెకనుకు 1,800 అడుగుల వరకు వేగం కావాలి. వెయ్యి అడుగుల దగ్గర అవి ఎఫ్ఎంజె లాగే దూసుకుపోతాయి. తక్కువ వేగంలో విచ్చుకునేలా తయారు చేసినది అని కంపెనీ స్పష్టంగా రాసి ఉంటేనే కొనండి. దూరం కూడా చూసుకోవాలి. 50 గజాలకు గురి సరిచేసిన సబ్‌సోనిక్ బుల్లెట్ 100 గజాల దగ్గర దాదాపు 6 అంగుళాలు, 150 దగ్గర 20 అంగుళాలు కిందికి దిగుతుంది. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పే 8 అంగుళాలు. అందుకే 75 గజాలు దాటితే కాల్చకూడదనేది నా లెక్క.

తూటా గొట్టానికి సరిపోతుందా

.300 బ్లాకౌట్ తూటా .223 రైఫిల్‌లోకి కూడా దూరిపోగలదు. ట్రిగ్గర్ నొక్కితే రైఫిలే పేలిపోతుంది. రెండు రకాల గన్లూ ఉన్నవాళ్లు మ్యాగజైన్లకు వేర్వేరు రంగుల టేపు చుట్టి, ఒక రోజు ఒకే రకం బయటికి తీయండి.

220 గ్రెయిన్ల లాంటి పొడుగు బుల్లెట్లకు గొట్టం లోపలి మెలిక సరిపోవాలి. .300 బ్లాకౌట్‌లో 1:8 (8 అంగుళాలకు ఒక చుట్టు) గానీ అంతకంటే బిగువైనది గానీ ఉండాలి. మెలిక చాలకపోతే బుల్లెట్ ఊగుతూ సప్రెసర్ లోపలి పళ్లాలను కొడుతుంది. కాబట్టి మొదటి ఐదు గుండ్లు సప్రెసర్ తీసేసి 50 గజాల కాగితం మీద కాల్చండి. దగ్గరికి వెళ్లి రంధ్రాలు చూడండి. గుండ్రంగా, అంచు శుభ్రంగా ఉంటే సరే. ఒక్కటైనా తాళపు చెవి రంధ్రంలా పొడుగ్గా చిరిగి ఉంటే ఆ తూటాకు సప్రెసర్ తగిలించొద్దు.

తర్వాత సప్రెసర్ బిగించి, వేటకు తీసుకెళ్లే అదే తూటాతో గురి మళ్లీ సరిచేయండి. సప్రెసర్ పెట్టగానే గుండు తగిలే చోటు మారుతుంది. రెండు మూడు కంపెనీల డబ్బాలు ఒక్కొక్కటి కొని చూసి, మీ రైఫిల్‌కు ఏది దగ్గర దగ్గరగా పడుతుందో దాన్నే ఎక్కువగా కొని పెట్టుకోండి.

ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం వేటకు వాడిన బ్యాగు తేవొద్దు. అడుగున ఒక్క తూటా మిగిలిపోయి శంషాబాద్ స్కానర్‌లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. కాల్చేసిన తూటాల ఖాళీ తొడుగులకు కూడా సమాధానం చెప్పుకోవాలి. వేట బ్యాగు అక్కడే ఉంచి, వేరే సూట్‌కేసులో బట్టలు సర్దుకోండి.