ఉష్ణం, పని లెక్కల్లో ప్లస్ ఎప్పుడు, మైనస్ ఎప్పుడు?

ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్‌లో ఉష్ణగతికశాస్త్రం మొదటి నియమం "అంతర్గత శక్తిలో మార్పు = ఉష్ణం − పని" అని ఉంటుంది (అంతర్గత శక్తి అంటే వాయువు లోపల ఉన్న శక్తి). అదే ఏడాది కెమిస్ట్రీ పుస్తకం తెరిస్తే "ఉష్ణం + పని" అని ఉంటుంది, ఇక ఏది నిజమో తెలియక టెన్షన్. రెండూ నిజమే. ఫిజిక్స్‌లో, ఇంజినీరింగ్‌లో వాయువు బయటికి చేసే పని ప్లస్. కెమిస్ట్రీలో, రసాయనశాస్త్ర అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ సిఫార్సు ప్రకారం, వాయువు మీద జరిగే పని ప్లస్. ఉష్ణం దగ్గర అసలు గొడవే లేదు, లోపలికి వస్తే ప్లస్, బయటికి పోతే మైనస్, ఎవరి పుస్తకంలో అయినా అంతే.

ఫిజిక్స్ పద్ధతి ఆవిరి యంత్రాల కాలంనాటిది. 1850లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త క్లాసియస్ ఈ నియమాన్ని సమీకరణంగా రాసేనాటికి అందరి దృష్టీ యంత్రాల మీదే ఉంది. బొగ్గు కాల్చి ఉష్ణం ఇస్తాం, పని తీసుకుంటాం, రెండూ ప్లస్‌లో ఉంటేనే ఇంజినీరుకి హాయి.

లెక్క మొదలుపెట్టేముందు వ్యవస్థ ఏదో తేల్చుకోండి. సిలిండర్‌లో వాయువు అయితే దాని చుట్టూ గీత గీసేయండి, మిగతాదంతా పరిసరాలు.

తర్వాత ప్రశ్న నెమ్మదిగా చదవండి. "వాయువు చేసిన పని" అన్నారా, "వాయువుపై చేసిన పని" అన్నారా? ఆ ఒక్క "పై"తో గుర్తు తారుమారవుతుంది. పని ఊసే లేకపోతే ఘనపరిమాణం చూడండి: పెరిగితే వాయువు పని చేసినట్టు, తగ్గితే దాని మీద పని జరిగినట్టు, మారకపోతే సున్నా. (శూన్యంలోకి వ్యాకోచిస్తే ఎదురు పీడనం లేదు కాబట్టి ఘనపరిమాణం ఎంత పెరిగినా పని సున్నాయే. పరీక్షల్లో ఇష్టంగా అడిగే మెలిక ఇది.)

ఇప్పుడు రెండు సూత్రాల్లో ఒకటి ఎంచుకుని పేపర్ పైన రాసేయండి, ఆ లెక్క పూర్తయ్యేదాకా రెండోదాని జోలికి వెళ్లొద్దు.

ఒక గ్రాము నీటిని 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఒక అట్మాస్ఫియర్ పీడనంలో ఆవిరి చేద్దాం. ఇవ్వాల్సిన ఉష్ణం సుమారు 2256 జౌళ్లు. ఘనపరిమాణం 1 ఘన సెంటీమీటరు నుంచి 1671కి పెరుగుతుంది, అంటే 0.00167 ఘనమీటర్ల పెరుగుదల, దాన్ని 1.013 లక్షల పాస్కళ్లతో గుణిస్తే 169 జౌళ్ల పని. ఫిజిక్స్ ప్రకారం 2256 − 169 = 2087. కెమిస్ట్రీ ప్రకారం పని −169 కాబట్టి 2256 + (−169), మళ్లీ 2087 జౌళ్లే. అంతర్గత శక్తి ఏ పద్ధతిలో చేసినా ఒకటే రావాలి, రాకపోతే మధ్యలో ఎక్కడో గుర్తు పోయినట్టే. ఇంకోటి గమనించండి, ఇక్కడ ఉష్ణం ప్లస్సే కానీ నీరు ఒక్క డిగ్రీ కూడా వేడెక్కలేదు, కాబట్టి "ఉష్ణం ప్లస్ అంటే ఉష్ణోగ్రత పెరగడం" అని గుడ్డిగా అనుకోవద్దు.

అదే ఆవిరి తిరిగి నీరైతే ఉష్ణం −2256, ఫిజిక్స్ లెక్కలో పని −169. అప్పుడు −2256 − (−169) = −2087. చాలామంది మార్కులు పోగొట్టుకునేది సరిగ్గా ఈ రెండు మైనస్‌ల దగ్గరే, బ్రాకెట్ రాయడానికి బద్ధకించి.

కెమిస్ట్రీలో దీనికి అన్నలాంటి తప్పు ఇంకోటి ఉంది. అక్కడ పని = −(బయటి పీడనం × ఘనపరిమాణంలో మార్పు). వాయువుని నొక్కితే ఘనపరిమాణంలో మార్పే మైనస్, ముందున్న మైనస్‌తో కలిసి పని దానంతటదే ప్లస్ అవుతుంది. "నొక్కాం కదా" అని ఇంకో గుర్తు మార్చారంటే అయిపోయింది.

చివర్లో జవాబు నిజంగా జరిగేదేనా అని ఒకసారి చూడండి. సైకిల్ పంపుని గబగబా కొడితే ఉష్ణం బయటికి పోయే టైమ్ దాదాపు ఉండదు, మనం చేసిన పనంతా లోపలి గాలి అంతర్గత శక్తిలో కలుస్తుంది, అందుకే పంపు గొట్టం వేడెక్కుతుంది. ఇలాంటి లెక్కలో అంతర్గత శక్తి మార్పు మైనస్ వచ్చిందంటే సూత్రం దగ్గరికి వెనక్కి వెళ్లాల్సిందే. అలాగే పీడనం నిలువుగా, ఘనపరిమాణం అడ్డంగా గీసిన గ్రాఫ్‌లో చక్రం (వాయువు మొదలైన స్థితికే తిరిగొచ్చే ప్రక్రియ) గడియారం ముల్లు తిరిగే దిశలో ఉంటే వాయువు చేసిన నికర పని ప్లస్, ఎదురు దిశలో ఉంటే మైనస్.