అద్దెకిచ్చే ఇంటికి ఫోన్‌తో ఫొటోలు తీయాలంటే

కిందటేడు మా డబుల్ బెడ్‌రూమ్ అద్దెకి పెట్టినప్పుడు అన్ని ఫొటోలూ 0.5లో, అదే అల్ట్రా వైడ్‌లో లాగించేశాను. హాలు కాస్తా ఫంక్షన్ హాల్లా వచ్చింది. ఇక ఫోన్లే ఫోన్లు. వచ్చినవాళ్లు మాత్రం గుమ్మంలో నిలబడి "ఫొటోలో పెద్దగా ఉందండీ" అని వెనక్కి తిరగడమే. రెండు ఆదివారాలు అలా పోయాక మొత్తం 1ఎక్స్‌లో, అంటే మామూలు కెమెరాతో మళ్లీ తీశాను. ఫోన్లు తగ్గాయి గానీ, వచ్చినవాళ్లు కూర్చుని మాట్లాడారు.

తీయడం కంటే సర్దడమే పెద్ద పని. చెప్పులు, ఫ్రిజ్ మీద కరెంటు బిల్లులు, తలుపు వెనక వేలాడే బట్టలు, మన కంటికి అలవాటైపోయి ఆనవు కానీ ఫొటోలో ముందు అవే కనపడతాయి. బాత్రూమ్‌లో బకెట్ బయట పెట్టి కమోడ్ మూత వేయండి. ఫ్యాన్ ఆపండి. లెన్స్ మీద వేలి జిడ్డు తుడవండి, ఇది మర్చిపోతే కిటికీలన్నీ పొగమంచు పట్టినట్టు వస్తాయి.

ఫోన్‌ని ఛాతీ ఎత్తులో, దాదాపు 4 అడుగుల దగ్గర నిటారుగా పట్టుకోవాలి. కొంచెం కిందికి వంచినా గోడలు వాలిపోతాయి, కాబట్టి కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ (తెర మీద అడ్డం, నిలువు గీతలు) ఆన్ చేసి తలుపు చట్రం ఆ నిలువు గీతకి సమాంతరంగా ఉందో లేదో చూసుకోండి. వంటగదిలో మాత్రం ఇంకాస్త పైనుంచి తీయండి, గట్టు ఎంత పొడవుందో తెలుస్తుంది. వంటగది చూసే కదా మన ఆడవాళ్లు ఇల్లు ఖాయం చేసేది (మా ఇంట్లో అయితే అంతే).

వెలుతురు దగ్గరే అందరం బోల్తా పడతాం. కర్టెన్లు తీసి, లైట్లన్నీ ఆపి ఒకసారి తీసి చూడండి. కిటికీ నీలి వెలుగు, బల్బు పసుపు కలిస్తే తెల్లగోడ కూడా మాసినట్టుంటుంది. ఎండ నేరుగా పడే గదిని ఆ ఎండ తప్పుకున్నాకే తీయండి. గది చీకటిగా ఉంటే హెచ్‌డీఆర్ (వెలుగూ నీడా రెండూ కనపడేలా చేసే సెట్టింగ్) పెట్టి, స్టూలు మీద బియ్యం డబ్బాకి ఫోన్ ఆనించి, 3 సెకన్ల టైమర్‌తో తీస్తే చెయ్యి వణుకు రాదు. లైట్లు వేయక తప్పనప్పుడు ఫొటోలో నల్ల చారలు వస్తే భయపడకండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. కెమెరాలో ప్రో మోడ్ (అన్నీ మనమే మార్చుకునేది) ఉంటే, అందులో షట్టర్, అంటే వెలుతురు తీసుకునే సమయం, సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెడితే సరిపోతుంది.

బయట తూర్పు ఫేసింగ్‌కి పొద్దున్న, పడమరకి సాయంత్రం 4 దాటాక. ఉత్తరం వాళ్లకి చలికాలంలో ఎండ ముందువైపు పడదు, మబ్బు పట్టిన రోజు చూసుకోండి. లేదా సూర్యుడు అస్తమించాక 15, 20 నిమిషాల్లో ఇంట్లో లైట్లన్నీ వేసి తీయండి, ఆకాశం ముదురు నీలంగా ఉండి ఇల్లు కళగా వస్తుంది. సందు ఇరుకైతే కిందనుంచి ఫోన్ పైకెత్తొద్దు, మేడ వెనక్కి పడిపోతున్నట్టుంటుంది. ఎదురింటి వాళ్లని అడిగి వాళ్ల మొదటి అంతస్తు బాల్కనీ నుంచి తీయండి. ఎలాగూ వెళ్లారు కాబట్టి గేటు ముందున్న వాళ్ల స్కూటర్ కూడా కాసేపు జరపమనండి.