తలసీమియా, సికిల్ సెల్, హీమోఫిలియా ఉన్న పిల్లల పెన్షన్: దరఖాస్తు ఎక్కడ ఆగింది, ఎలా కదిలించాలి

"పిల్లవాడి పెన్షన్ తిరస్కరించారు" అని ఎవరైనా చెప్పగానే నేను మొదట అడిగేది, ఏ పెన్షన్‌కు దరఖాస్తు పెట్టారని. తలసీమియా, సికిల్ సెల్, హీమోఫిలియా వంటి రక్తవ్యాధులున్న పిల్లల విషయంలో చిక్కు చాలావరకు అక్కడే మొదలవుతుంది. ఈ పిల్లలకు రెండు దారులున్నాయి. ఒకటి వైకల్య శాతాన్ని బట్టి, రెండోది జబ్బు పేరును బట్టి నడుస్తాయి. ఒక దారిలో పనికొచ్చే కాగితం రెండో దారిలో చెల్లకపోవచ్చు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. 1995 చట్టంలో ఏడుగా ఉన్న వైకల్యాలు దీనితో 21 అయ్యాయి. ఈ మూడు రక్తవ్యాధులూ అప్పుడే జాబితాలో చేరాయి. 40 శాతం లేదా అంతకుమించి ధ్రువపత్రం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో ఆసరా కింద 4,016 రూపాయల దివ్యాంగుల పెన్షన్ అడగవచ్చు. వీటికి కనీస వయసు అంటూ లేదు. చంటిబిడ్డ పేరు మీద కూడా తల్లి గానీ తండ్రి గానీ దరఖాస్తు చేయవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో దారి కూడా ఉంది. తలసీమియా, సికిల్ సెల్ వ్యాధి, తీవ్ర హీమోఫిలియా ఉన్నవారికి నెలకు 10,000 రూపాయల పెన్షన్. దీనికి శాతం కన్నా ప్రభుత్వ వైద్యుల వ్యాధి నిర్ధారణే ముఖ్యం. ఈ సంగతి తెలియక, వైకల్య శాతం తేల్చే సదరం శిబిరంలో స్లాటు కోసం నెలల తరబడి ఎదురుచూసే కుటుంబాలు ఉన్నాయి. మీరు ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే గ్రామ లేదా వార్డు సచివాలయంలో ముందు దీని గురించే, జబ్బు పేరు చెప్పి మరీ అడగండి.

"ఈ జబ్బు సదరంలో రాదన్నారు"

దీనికి మూడు కారణాలు ఉండవచ్చు. పరిష్కారం మూడింటికీ వేర్వేరు.

మొదటిది, బల్ల దగ్గర ఉన్నవారికి పాత ఏడు రకాలే గుర్తుండటం. కాలు, చేయి, కన్ను, చెవి అయితేనే వైకల్యం అనే భావన ఇంకా పోలేదు. వాదనకు దిగకుండా, చట్టం షెడ్యూలులో రక్తవ్యాధులున్న పేజీ ప్రతిని దరఖాస్తుకు జతచేసి ఇవ్వండి. అప్పటికీ తీసుకోకపోతే కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డుకు మీరే నేరుగా దరఖాస్తు చేయవచ్చు. అందులో రక్తవ్యాధులు పేరుతో సహా ఉంటాయి.

రెండోది, బిడ్డకు ఉన్నది వ్యాధి కాకుండా వాహక లక్షణం మాత్రమే కావడం. తలసీమియా, సికిల్ సెల్‌లలో తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే లోపభూయిష్టమైన జన్యువు వస్తే బిడ్డ వాహకుడు అవుతాడు. రిపోర్టులో "ట్రెయిట్" అనో, "ఏఎస్" అనో ఉంటుంది. వాహకులకు పెన్షన్ వర్తించదు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద ఏజెన్సీ గ్రామాల్లో పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు చేతికి రాగానే పెన్షన్ వస్తుందని ఆశపడే ముందు, దానిలో వ్యాధి అని ఉందో, వాహక స్థితి అని ఉందో డాక్టరుతో చదివించుకోండి. సిక్లింగ్ పరీక్ష ఒక్కటే చేసి ఉంటే అది చాలదు. వాహకులకూ వ్యాధిగ్రస్తులకూ అది ఒకేలా పాజిటివ్ చూపిస్తుంది.

మూడోది నిజంగా బాధపెట్టేది. టైప్ 1 మధుమేహం, మూర్ఛ, నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఆ 21లో లేవు. రోజుకు నాలుగైదు సార్లు ఇన్సులిన్ సూది వేయించుకునే బిడ్డను జాబితా బయట ఉంచడం అన్యాయమే అని నా అభిప్రాయం. కానీ ఆ జబ్బు పేరు మీద సదరం శిబిరాల చుట్టూ తిరగడం వల్ల ఫలితం ఉండదు. ఆ జబ్బు వల్ల చూపు, వినికిడి, నడక, మేధ వంటివి దెబ్బతిని ఉంటే ఆ నష్టాన్ని చూపి అడగవచ్చు.

"రిపోర్టులో జబ్బు కనిపించడం లేదన్నారు"

బిడ్డ మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటున్నాడు. అయినా కొత్తగా చేయించిన హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు దాదాపు మామూలుగా వచ్చింది. దీనిలో అబద్ధం ఏమీ లేదు. ఆ పరీక్ష హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలుస్తుంది. రక్తం ఎక్కించిన తర్వాత నమూనా తీస్తే అందులో ఎక్కువ భాగం దాతదే ఉంటుంది. సికిల్ సెల్ వ్యాధి ఉన్న బిడ్డ రిపోర్టు కూడా ఇదే కారణంతో వాహకుడిలా కనిపించే ప్రమాదం ఉంది. చూసే డాక్టరుకు రక్తం ఎక్కించిన సంగతి తెలియకపోతే "ట్రెయిట్" అని రాసి పంపించే అవకాశం లేకపోలేదు.

పరిష్కారం పాత కాగితాల్లో ఉంది. జబ్బు మొదటిసారి బయటపడినప్పుడు, ఒక్క యూనిట్ కూడా ఎక్కించకముందు చేసిన హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు అన్నిటికన్నా విలువైనది. పోగొట్టుకుంటే, పరీక్ష చేసిన ల్యాబులో లేదా ఆసుపత్రి రికార్డు విభాగంలో పాత నంబరుతో నకలు అడగండి. అది కూడా దొరకకపోతే తల్లిదండ్రులిద్దరి హెచ్‌పీఎల్‌సీ, బిడ్డ జన్యు పరీక్ష కలిపి చూపిస్తే విషయం తేలిపోతుంది. రక్తం ఎక్కించినా జన్యు పరీక్షతో నిర్ధారించవచ్చు.

దాత రక్తకణాలు పూర్తిగా పోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. పరీక్ష కోసం తలసీమియా బిడ్డకు అన్ని నెలలు రక్తం ఆపుదామని ఎవరైనా సలహా ఇస్తే ససేమిరా ఒప్పుకోకండి.

హీమోఫిలియాలోనూ ఇలాంటిదే జరుగుతుంది. రక్తం గడ్డకట్టేలా చేసే ఫ్యాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే నమూనా తీస్తే అసలు స్థాయి కన్నా ఎక్కువ చూపిస్తుంది, తీవ్రమైన జబ్బు ఓ మోస్తరుదిగా నమోదవుతుంది. రిపోర్టులో ఫ్యాక్టర్ 8 లేదా 9 ఎంత శాతం ఉందో అంకెతో ఉండాలి. "హీమోఫిలియా కేసు" అని మాత్రమే రాసిన చీటీతో తీవ్రత రుజువు కాదు.

"బాగానే ఉన్నాడు కదమ్మా అని శాతం తక్కువ వేశారు"

నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఇదే. నిన్న రక్తం ఎక్కించుకున్న బిడ్డ ఈరోజు బుగ్గలు ఎర్రగా, హుషారుగా మెడికల్ బోర్డు ముందు నిలబడతాడు. శిబిరంలో జనం ఎక్కువ, ఒక్కొక్కరికీ దొరికే సమయం తక్కువ. కంటికి కనిపించని వైకల్యం ఆ కొద్దిసేపట్లో ఎవరికీ కనిపించదు. కొందరు తల్లిదండ్రులు బిడ్డ నీరసంగా కనిపించాలని బోర్డు తేదీ వరకు రక్తం ఎక్కించడం వాయిదా వేస్తారు. దయచేసి అలా చేయవద్దు. హిమోగ్లోబిన్ పడిపోతే గుండె మీద భారం పడుతుంది, పైగా శాతం నిర్ణయించాల్సింది ఆ రోజు ముఖం చూసి కాదు.

తక్కువ శాతానికి అసలు కారణం సాధారణంగా ఫైలు పలచగా ఉండటం. బోర్డుకు కావలసింది జబ్బు బిడ్డ జీవితాన్ని ఎంత ఆక్రమించిందనే లెక్క. అందుకే ఈ కాగితాలు తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లండి: గత ఏడాదిలో రక్తం ఎక్కించిన తేదీలు, యూనిట్లు, ప్రతిసారీ ముందు ఉన్న హిమోగ్లోబిన్, ఆసుపత్రిలో చేరిన ప్రతిసారి డిశ్చార్జి సారాంశం, ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ రిపోర్టులు, ఐరన్ తగ్గించే మందుల చీటీలు, కాలేయం, గుండె, థైరాయిడ్ పరీక్షలు, వయసుకు తగ్గ ఎత్తు, బరువు పెరగకపోతే దాని నమోదు. సికిల్ సెల్ బిడ్డకు నొప్పి తెరలు తెరలుగా వచ్చిన ప్రతిసారీ ఇంట్లోనే మాత్రలతో సర్దుకుంటే కాగితం మీద ఆ నొప్పి లేనట్టే. కనీసం ఓపీలో చూపించి చీటీ రాయించుకోండి.

చాలామందికి తెలియని మరో విషయం ఉంది. ఈ జబ్బులు మరో వైకల్యానికి దారి తీయవచ్చు. సికిల్ సెల్‌లో తుంటి ఎముక తల దెబ్బతింటుంది, కొందరు పిల్లలకు పక్షవాతం వస్తుంది. హీమోఫిలియాలో మోకాలు, చీలమండ కీళ్లలో పదేపదే రక్తం చేరి కీలు బిగుసుకుపోతుంది. రక్తవ్యాధిని మాత్రమే లెక్కిస్తే ఆ నడక లోపం ఎక్కడా నమోదు కాదు. ఆర్థోపెడిక్ డాక్టరు చేత కూడా చూపించి బహుళ వైకల్యం కింద లెక్కించమని రాతపూర్వకంగా అడగండి. రెండు శాతాలను నేరుగా కూడరు. పెద్ద శాతాన్ని 90 నుంచి తీసివేసి, వచ్చిన దాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, ఆ ఫలితాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. ఉదాహరణకు రక్తవ్యాధికి 30, తుంటికి 18 వస్తే మొత్తం 42 అవుతుంది. విడివిడిగా ఏదీ 40కి చేరని బిడ్డ, కలిపి చూస్తే అర్హత పొందుతాడు.

ఇంత చేసినా తక్కువ వస్తే అప్పీలుకు వెళ్లండి. 2016 చట్టం 59వ సెక్షన్ ఆ హక్కు ఇస్తోంది. వైకల్యం లేదని తేలిస్తే ఆ మాట రాతపూర్వకంగా తెలియజేయాలని 58వ సెక్షన్ చెబుతోంది. నోటిమాటతో "రాలేదు" అంటే కదలకండి, కాగితం అడగండి. అది లేకుండా అప్పీలులో దేన్ని సవాలు చేస్తారు?

"ధ్రువపత్రం ఉంది, పెన్షన్ మాత్రం మంజూరు కాలేదు"

ఇక్కడ జబ్బుతో సంబంధం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో దరఖాస్తును కుటుంబ వివరాలతో పోల్చి చూస్తారు. కుటుంబ ఆదాయం గ్రామాల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలు దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాల పరిమితి. నెలకు సగటున 300 యూనిట్లు మించిన కరెంటు, సొంత కారు, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను కూడా అడ్డు వస్తాయి. ఇందులో దేని దగ్గర ఆగిందో సచివాలయంలో చూసి చెప్పగలరు. అక్కడినుంచి పని సులువు. అద్దె ఇంటి యజమాని మీటరు మీ ఆధార్‌కు అనుసంధానమై ఉంటే విద్యుత్ కార్యాలయంలో విడదీయించాలి. అమ్మేసిన పొలం ఇంకా మీ పేరు మీదే కనిపిస్తుంటే మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పిడి) చేయించాలి. తాతగారి పేరుతో కలిపి ఉన్న కుటుంబమైతే ఆయన ఆస్తి మీ లెక్కలోకి వచ్చి ఉండవచ్చు. సరిచేయించాక మళ్లీ పరిశీలించమని అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

బిడ్డ పేరు రేషన్ కార్డులో చేరకపోవడం, జనన ధ్రువపత్రంలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో మరొకటి ఉండటం రెండు రాష్ట్రాల్లోనూ కనిపించే ఇబ్బందులే. దరఖాస్తు చేయకముందే వీటిని సరిచేసుకోండి.

"పోర్టల్‌లో పెండింగ్ అనే చూపిస్తోంది"

స్వావలంబన్‌లో దరఖాస్తు పంపడంతో పని పూర్తికాదు, ఎంచుకున్న ఆసుపత్రికి బిడ్డను తీసుకెళ్లాలి. సందేశం వచ్చే ఫోను నంబరు మారిపోయి ఉంటే పిలుపు మీకు అందదు. జిల్లా ఆసుపత్రిలో రక్తవ్యాధులు చూసే నిపుణులు లేక ఆగిపోతే, బిడ్డ చికిత్స పొందుతున్న ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యాధికారికి దరఖాస్తు చేసుకునే వీలు నిబంధనల్లో ఉంది. సొంత జిల్లాకే వెళ్లాలనేమీ లేదు. ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది కాబట్టి బెంగళూరులోనో చెన్నైలోనో చికిత్స చేయిస్తున్నవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. పెన్షన్ మాత్రం నివాసం ఉన్న రాష్ట్రానిదే.

"వస్తున్న పెన్షన్ ఆగిపోయింది"

ధ్రువపత్రం తాత్కాలికమా, శాశ్వతమా చూడండి. పిల్లలకు తరచుగా గడువుతో ఇస్తారు. గడువు ముగియడానికి కొన్ని నెలల ముందే పునఃపరీక్షకు స్లాటు తీసుకోండి. ఆధార్ బయోమెట్రిక్‌ను అయిదేళ్లకు, పదిహేనేళ్లకు నవీకరించకపోయినా ఇబ్బంది వస్తుంది. పునఃపరిశీలనలో శాతం తగ్గిందని నోటీసు వస్తే అందుకున్న తేదీ రాసి ఉంచుకుని, నోటీసులో ఇచ్చిన గడువులోపు ఎంపీడీఓ లేదా మున్సిపల్ కమిషనర్ కార్యాలయంలో అప్పీలు ఇవ్వండి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పెద్దఎత్తున పునఃపరిశీలన జరిగినప్పుడు నోటీసులు అందుకున్నవారికి అప్పీలు అవకాశం ఇచ్చారు.

"అదే కాగితంతో మిగతా రాయితీలు ఇవ్వలేదు"

ప్రతి రాయితీకీ వేరే కాగితం కావాలి. చికిత్స కోసం తోడు మనిషితో రైల్లో వెళ్లే తలసీమియా, హీమోఫిలియా రోగులకు స్లీపర్, మూడో తరగతి ఏసీల్లో 75 శాతం, సికిల్ సెల్ వారికి 50 శాతం రాయితీ ఉంది. దీనికి వైకల్య ధ్రువపత్రం బదులు, రైల్వే నమూనాలో ఆసుపత్రి ఇచ్చే పత్రం కావాలి. ఆదాయపు పన్ను పాత విధానంలో (2026 మార్చి వరకు 1961 చట్టం 80డీడీబీ సెక్షన్ కింద) 40,000 రూపాయల వరకు చికిత్స ఖర్చు మినహాయింపు తలసీమియా, హీమోఫిలియాలకు ఉంది. సికిల్ సెల్ ఆ జాబితాలో లేదు. నిరామయ ఆరోగ్య బీమా నేషనల్ ట్రస్టు చట్టంలోని ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకు సంబంధించినది; రక్తవ్యాధి ఒక్కటే ఉన్న బిడ్డకు దాని మీద సమయం పెట్టకండి. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు కేంద్రం ఇచ్చే ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు 40 శాతం ధ్రువపత్రం, కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల లోపు ఉండాలి. ఎనిమిదో తరగతి చివరికల్లా ధ్రువపత్రం చేతిలో ఉండేలా చూసుకుంటే ఆ రెండేళ్లూ అందుతుంది.